సోయాచేలో తుప్పు తెగులు: రెండెకరాల ప్లాటు డైరీ

ప్లాటు: నిర్మల్ జిల్లా, నల్లరేగడి, రెండెకరాలు. రకం జె.ఎస్.335. తూర్పు గట్టున వేపచెట్లు, పడమటి మూల పల్లం. పోయిన వానాకాలం కూడా ఇందులో సోయానే. తేల్చుకోవాల్సింది ఒకటే ప్రశ్న: తుప్పు తెగులుకు కొట్టే మందు పని చేయట్లేదని అందరూ అంటున్నారు కదా, పని చేయనిది మందా, మనం కొట్టే తీరా?

జూన్ 18

వంద గింజలు తడి గోనెసంచిలో చుట్టి ఆరు రోజులు ఉంచితే 74 మొలిచాయి. సర్టిఫైడ్ విత్తనానికి కనీసం 70 ఉండాలి, కాబట్టి గట్టెక్కాం. ఎకరానికి 30 కిలోలు చాలు. వంద గింజల బరువు 12 గ్రాములు, అంటే 30 కిలోల్లో రెండున్నర లక్షల గింజలు. అందులో 74 శాతం మొలిస్తే 1 లక్షా 85 వేల మొక్కలు. సాలుకు సాలుకు 45, మొక్కకు మొక్కకు 5 సెంటీమీటర్లు పెడితే ఎకరాకు కావాల్సింది 1 లక్షా 80 వేలు. లెక్క సరిపోయింది.

ఈ లెక్క తెగులు డైరీలో ఎందుకంటే, మా చుట్టుపక్కల ‘ఎందుకైనా మంచిది’ అని 40 కిలోలు పోసేవాళ్లే ఎక్కువ. ఆ చేను నలభై రోజులకల్లా కమ్ముకుపోతుంది. లోపల గాలి ఆడదు, కింది ఆకు మీద పొద్దున్నే పడ్డ మంచు పదింటి దాకా ఆరదు. తుప్పుకు అంతకంటే కావాల్సింది లేదు. తెగులుతో పోరు విత్తనం తూకం దగ్గరే మొదలవుతుంది.

జూన్ 22

విత్తనశుద్ధి. కార్బాక్సిన్, థైరామ్ కలిపిన పొడి కిలోకు 3 గ్రాముల చొప్పున 60 కిలోలకు 180 గ్రాములు. సోయా గింజ పొర పలచన. నీళ్లు ఎక్కువైతే పొర ముడతపడి, ఆరేసరికి ఊడిపోతుంది. కిలోకు 5 మి.లీ. నీళ్లలోనే పొడిని జావలా కలిపి, ప్లాస్టిక్ డ్రమ్ములో పడేసి మెల్లగా దొర్లించాం. చేత్తో రుద్దలేదు. నీడలో ఆరబెట్టాం.

ఒక మాట ముందే రాసిపెట్టుకోవాలి: ఈ శుద్ధి మొలక కుళ్లుకూ, విత్తనంతో వచ్చే ఆంత్రాక్నోస్‌కూ పనికొస్తుంది. తుప్పుకు కాదు. తుప్పు విత్తనంతో రాదు, బతికున్న పచ్చి ఆకు మీద తప్ప బతకదు, గాలిలో వస్తుంది. విత్తనశుద్ధి చేశాం కాబట్టి తుప్పు రాదనుకోవడం గొడుగు పట్టుకుంటే కాలికి బురద అంటదనుకోవడం లాంటిది.

జూన్ 24. విత్తిన రోజు

వర్షమానినిలో వారంలో మొత్తం 80 మి.మీ. పదును బాగుంది. పొద్దున రైజోబియం 300 గ్రాములు, పి.ఎస్.బి. (నేలలోని భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా) 300 గ్రాములు, చల్లార్చిన బెల్లం నీళ్లలో కలిపి పట్టించాం. శిలీంద్రనాశిని ముందు, కల్చర్ చివర. తారుమారు చేస్తే కల్చర్‌లోని బ్యాక్టీరియా మందు దెబ్బకు చచ్చిపోతుంది. నీడలో అరగంట ఆరాక గొర్రుతో విత్తేశాం. లోతు 3 సెంటీమీటర్లు. సాళ్లు తూర్పు పడమరలుగా పోయాయి, చేను వాలు అలా ఉంది కాబట్టి.

ఎరువు దుక్కిలోనే: ఎకరాకు డి.ఎ.పి. 52 కిలోలు, యూరియా 6, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 27. పొటాష్‌ను మాత్రం ఎగ్గొట్టొద్దు. అది తక్కువైన చేలో కింది ఆకు అంచులు పసుపు పడతాయి, ఆ పసుపును చూసి తెగులనుకుని మందు కొట్టినవాళ్లు లేకపోలేదు.

జులై 20. 26 రోజులు

ఒకసారి దంతె తోలాం, ఒకసారి కూలీలతో కలుపు తీశాం. కాండం ఈగ ఉంది, పెద్దగా కాదు. పల్లపు మూలలో రెండు రోజులు నీళ్లు నిలిచి మొక్క పసుపు తిరిగింది. అక్కడ పారతో 20 సెంటీమీటర్ల లోతు కాలువ తీసి పక్క వాగులోకి మళ్లించాం. ఇంకా కొంచెం లోతు తీయాల్సింది, ఆ సంగతి తర్వాత తెలిసింది.

జులై 28. 34 రోజులు

నేటి నుంచి వారానికి రెండుసార్లు ఆకు చూడటం. పద్ధతి ఇది: చేలో జెడ్ ఆకారంలో నడిచి ఐదు చోట్ల ఆగాలి. ఒక్కోచోట పది మొక్కలు. ప్రతి మొక్కకూ కింది మూడో వంతులోంచి ఒక ఆకు, అందులో ఉండే మూడు రేకుల్లో మధ్య రేకు. మొత్తం 50 రేకులు. పై ఆకు చూసి వెనక్కి రావడం చూడనట్టే. తుప్పు కింది నుంచే ఎక్కుతుంది.

ఐదు చోట్లలో రెండు ఎప్పుడూ మారవు: వేపచెట్ల నీడ, పల్లపు మూల. మంచు చివరగా ఆరేది అక్కడే. తెగులు ముందు దిగేదీ అక్కడే. మిగతా మూడు చోట్లు రోజుకొక దగ్గర.

కావాల్సిన సామాను: పదింతలు చూపే లెన్సు (గడియారం రిపేరు చేసేవాళ్ల దగ్గర దొరికేది చాలు), సెల్లోటేపు, తెల్లకాగితం, జిప్ కవర్లు, మార్కరు పెన్ను. గట్టున ఒక కనిష్ఠ గరిష్ఠ థర్మామీటరు. ఆకు తడి ఎంతసేపుందో తెలియడానికి పరికరం ఏమీ లేదు. పొద్దున ఆరింటి నుంచి గంటకోసారి కింది ఆకు మీద తెల్లగుడ్డ అద్ది చూడటమే.

ఆగస్టు 1. 38 రోజులు. పూత మొదలు

కింది ఆకుల మీద గోధుమ మచ్చలు. చూసిన ఇద్దరు ముగ్గురు ‘తుప్పే’ అన్నారు, ఒక దుకాణంలో మందు కూడా తీసి బల్ల మీద పెట్టారు. కొనలేదు. ఆకు తెచ్చి పరీక్ష చేశాం.

వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే మచ్చ మధ్య బూడిద రంగు, చుట్టూ ఎర్రటి గోధుమ అంచు. లెన్సు పెట్టి ఆకు అడుగు చూస్తే బొడిపెలు లేవు. అడుగున టేపు అంటించి లాగి తెల్లకాగితం మీద అతికించాం. టేపు శుభ్రంగా ఉంది, పొడి లేదు. ఒక ఆకును తడి దూది పెట్టిన జిప్ కవరులో రాత్రంతా ఉంచి పొద్దున చూశాం. అప్పుడూ పొడి రాలలేదు. ఇది సెర్కోస్పోరా ఆకుమచ్చ, తుప్పు కాదు. 50 రేకుల్లో 4 మాత్రమే, కింది ఆకుల్లోనే. మందు అవసరం లేదు.

తుప్పయితే కనిపించేవి వేరు. మచ్చ చిన్నది, 2 నుంచి 5 మిల్లీమీటర్లు, ఆకు ఈనెల మధ్య ఇరుక్కున్నట్టు కోణాలుగా ఉంటుంది. అడుగున అగ్నిపర్వతంలా చిన్న బొడిపె, దాని కొసన రంధ్రం, రంధ్రంలోంచి లేత గోధుమ పొడి. ఆ రంధ్రం, ఆ పొడి ఉంటేనే తుప్పు. మిగతావన్నీ అనుమానాలే. బ్యాక్టీరియా బొబ్బ తెగులుకూ బొడిపె ఉంటుంది గానీ రంధ్రం ఉండదు, చుట్టూ పసుపు వలయం ఉంటుంది. పైగా జె.ఎస్.335 ఆ తెగులును తట్టుకునే రకం. బూజు తెగులైతే పైన లేత పచ్చని మచ్చ, అడుగున బూడిద నూగు. ఆకంతా పసుపు, ఆకుపచ్చ కలగలిసి ఉంటే అది వైరస్, తెల్లదోమ పని. దానికి ఏ శిలీంద్రనాశినీ పనికిరాదు.

ఈ ఒక్క పరీక్షకు పది నిమిషాలు, ఒక రాత్రి పట్టాయి. రెండెకరాల మందు ఖర్చు మిగిలింది.

ఆగస్టు 6. 43 రోజులు. పంపు పరీక్ష

ఈ డైరీలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు ఇదే అనుకుంటున్నాం, చేలో ఏమీ కొట్టకపోయినా.

16 లీటర్ల బ్యాటరీ పంపు, ఒకే హాలో కోన్ నాజిల్ (సన్న తుంపరను గరాటు ఆకారంలో చల్లేది). బకెట్లోకి నిమిషం సేపు పట్టి కొలిస్తే 720 మి.లీ. మనిషి చేలో నిమిషానికి 30 మీటర్లు నడిచాడు. రెండు సాళ్లు ఒకేసారి కొడతాడు, అంటే వెడల్పు 0.9 మీటరు. నిమిషానికి తడిసేది 27 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 26.7 మి.లీ., ఎకరాకు (4,047 చదరపు మీటర్లు) 108 లీటర్లు. ఏడు ట్యాంకుల కంటే కాస్త తక్కువ. మా దగ్గర కూలీ ట్యాంకు లెక్కన ఇస్తారు, ఎకరాకు ఏడు ట్యాంకులు అనేది ఊరి కట్టుబాటులా తయారైంది.

ఇక మందు లెక్క. తుప్పుకు కొట్టే ప్రొపికొనజోల్ 25 శాతం ఇ.సి. (నీళ్లలో పాలలా కలిసే ద్రవం) ఎకరాకు 200 మి.లీ., 200 లీటర్ల నీళ్లలో. అందుకే లీటరుకు 1 మి.లీ. అనే మాట వాడుకలోకి వచ్చింది. నీళ్లు ఏడు ట్యాంకులు, అంటే 112 లీటర్లే వాడి లీటరుకు 1 మి.లీ. కలిపితే ఎకరాకు పడేది 112 మి.లీ. మందులో 88 మి.లీ. ఎగిరిపోయింది. ‘కొట్టాం, తగ్గలేదు’ అనే మాటలో సగం ఇక్కడే ఉంది. కొందరు తెలివిగా 200 మి.లీ. ఏడు ట్యాంకుల్లోనే సర్దుతారు, ట్యాంకుకు దాదాపు 29. మోతాదు సరిపోయింది, కానీ కింది ఆకు తడవదు.

తడుస్తుందో లేదో చూడటానికి తెల్ల చార్టుపేపరు పీలికలు 2 సెంటీమీటర్ల వెడల్పుతో కోసి, పది మొక్కలకు మూడు ఎత్తుల్లో పిన్నుతో ఆకు అడుగునా పైనా పెట్టాం: కొసన, నడుమ, నేల నుంచి ఒక జానెడు ఎత్తులో. ట్యాంకులో ఉత్త నీళ్లు, బట్టలకు వేసే నీలం. మామూలుగా కొట్టినట్టే కొట్టించాం. కొస పీలికలు నీలి వర్ణం. నడుమ అక్కడక్కడా చుక్కలు. కింది పీలికలు కొన్నిటి మీద నాలుగైదు చుక్కలు, అడుగు వైపు పెట్టినవి దాదాపు అన్నీ పొడిగా తెల్లగా ఉన్నాయి. తుప్పు మొదలయ్యేది సరిగ్గా ఆ తెల్లకాగితం ఉన్న చోటే.

‘లోపలికి పాకే మందే కదా, పైన పడితే కిందికి దిగదా’ అని ఎవరైనా అడగొచ్చు. దిగదు. ట్రయజోల్ మందులు (ప్రొపికొనజోల్ ఈ గుంపుదే) ఆకులోకి ఇంకి నీళ్లు పోయే దారిలో ఆకు కొస వైపుకే పోతాయి. పై ఆకు మీద పడ్డ చుక్క కింది ఆకును కాపాడదు. ఏ ఆకును కాపాడాలో ఆ ఆకు మీదే చుక్క పడాలి.

ఆగస్టు 8. 45 రోజులు. జంట నాజిల్

చేసింది ఇది. పాత లాన్సు (పంపు చేతి గొట్టం) చివర ‘టి’ ఆకారపు ఇత్తడి జాయింటు (టీ), దానికి రెండు గొట్టాలు. ఒకటి తిన్నగా, పైనుంచి కొట్టడానికి. రెండోది 40 సెంటీమీటర్ల పొడవు, కిందికి వేలాడేలా, కొసన 45 డిగ్రీల వంపు, నాజిల్ నోరు పైకి తిరిగి ఉంటుంది. సాళ్ల నడుమ అది దిగుతుంది, కింది ఆకు అడుగుకు తగులుతుంది. రెండూ హాలో కోన్ నాజిళ్లే. కలుపుమందు కొట్టే ఫ్లడ్‌జెట్ నాజిల్ దీనికి పనికిరాదు, చుక్క లావు. కలుపుమందు వాడిన పంపును కూడా ఊరికే కడిగి వాడొద్దు. వేరే పంపే మేలు.

మొదటి రోజు చెడింది రెండు చోట్ల. టీకీ లాన్సుకీ మర సరిపోలేదు, దుకాణంలో అన్నీ ఒకే కొలత అన్నారు గానీ కావు. టెఫ్లాన్ టేపు ఎనిమిది చుట్లు చుట్టి, లోపల రబ్బరు వాషరు పెడితే కారడం ఆగింది. రెండోది, కిందికి వేలాడే గొట్టం కొమ్మల్లో చిక్కుకుని పూత రాల్చింది. నాజిల్ నోటి ముందు సైకిల్ ట్యూబు ముక్కను జారుడు కవచంలా కట్టాక చిక్కుకోవడం తగ్గింది. లాగినట్టుగా కాకుండా నెమ్మదిగా, ముందుకు తోసినట్టు నడవాలి.

కొలిస్తే రెండు నాజిళ్లూ కలిపి నిమిషానికి 1,340 మి.లీ. ఒక్కోటి 720 లెక్కన 1,440 రావాలి, పంపు ఒత్తిడి కొంచెం పడింది. అయినా 1,340ని 27తో భాగిస్తే 49.6 మి.లీ., ఎకరాకు 201 లీటర్లు. మనకు కావాల్సింది 200. ఇంత సరిగ్గా కుదరడం అదృష్టం, మీ పంపుకు మీరే కొలుచుకోవాలి. బ్యాటరీ సగం అయ్యాక మళ్లీ కొలవండి, మా దానిలో అప్పటికి ధార పలచబడింది.

నీలం నీళ్లతో మళ్లీ చూశాం. కింది పీలికల్లో పైవైపు పెట్టినవి బాగా తడిశాయి, అడుగువైపువి సగానికి పైగా. నూటికి నూరు కాదు, కానీ మొన్నటి తెల్లకాగితం కాదు.

ఆగస్టు 12. 49 రోజులు

మూడు రోజుల ముసురు. పల్లపు మూలలో ఆకులు వేడినీళ్లు పోసినట్టు ఉడికి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. వాటి మధ్య సాలెగూడులా దారాలు, నువ్వుగింజంత గోధుమ ముద్దలు. రైజోక్టోనియా ఆకు ఎండు. దాని సంగతి కాలువే తేల్చాలి: ఇంకో 15 సెంటీమీటర్లు లోతు తీశాం. ఎండిన మొక్కలు పీకి కవరులో కట్టి బయటికి తెచ్చాం. గట్టున పడేస్తే ఆ గోధుమ ముద్దలు నేలలో ఏళ్లు బతుకుతాయి.

ఆగస్టు 15. 52 రోజులు. పిందె మొదలు

ముసురు పోయింది. రాత్రి 21, పగలు 28 డిగ్రీలు. కింది ఆకు పొద్దున పదింటి దాకా తడి, అంటే ఏకంగా పన్నెండు గంటలు. తుప్పు బీజం మొలకెత్తడానికి కనీసం ఆరు గంటల తడి కావాలి, పది పన్నెండు గంటలుంటే దానికి పండగే. 15 నుంచి 28 డిగ్రీల మధ్య అది హాయిగా ఉంటుంది. మచ్చలు ఇంకా లేవు. అయినా పచ్చని ఆకులోకి అది చొచ్చుకుపోయాక పొడి బయటపడటానికి తొమ్మిది పది రోజులు పడుతుంది. అంటే ఇప్పుడు శుభ్రంగా కనిపిస్తున్న ఆకు నిజంగా శుభ్రమైనదో కాదో కంటికి తెలియదు. ఇంకో విశేషం, చాలా తుప్పు జాతులు ఆకు రంధ్రాల కోసం వెతుకుతాయి, ఇది వెతకదు, ఆకు పై పొరను నేరుగా పొడుచుకునే లోపలికి పోతుంది.

ఆగస్టు 19. 56 రోజులు. దొరికింది

వేపచెట్ల నీడలో, 50 రేకుల్లో 3. టేపు మీద గోధుమ పొడి, లెన్సులో రంధ్రం. అనుమానం లేదు. మిగతా నాలుగు చోట్లా లేదు. మొక్కకు పిందెలు అర అంగుళం. మందు కొట్టడానికి ఇంతకంటే మంచి రోజు రాదు: గింజ నిండే ముందు, తెగులు కింద ఉండగానే. పై ఆకుకు ఎక్కాక కొడితే మందు తెగులును ఆపుతుంది కానీ పోయిన ఆకును తిరిగి తేదు.

ఆగస్టు 20. 57 రోజులు. మొదటి పిచికారి

ప్రొపికొనజోల్ 25 ఇ.సి. రెండెకరాలకు 400 మి.లీ., 400 లీటర్ల నీళ్లు, 25 ట్యాంకులు. ట్యాంకుకు 16 మి.లీ. కొలగ్లాసుతో, మూతతో కాదు. మూత కొలత సీసాసీసాకూ మారుతుంది.

పొద్దున మంచు ఆరాక తొమ్మిదింటికి మొదలు. తడి ఆకు మీద కొడితే మందు జారి కిందపడుతుంది. పదకొండున్నరకు ఆపి, సాయంత్రం నాలుగింటికి మళ్లీ. నట్టెండలో ట్రయజోల్ కొడితే ఆకు ఈనెల మధ్య పసుపు, గోధుమ చారలు పడే ప్రమాదం ఉంది. ముఖ్యంగా టెబుకొనజోల్‌తో, నీటి ఎద్దడిలో. అది చూసి కొత్త తెగులొచ్చిందని ఇంకో మందు కొట్టేవాళ్లున్నారు.

ట్యాంకు సగం నీళ్లు, మందు, మిగతా నీళ్లు, మందు ఆకుకు అంటుకోవడానికి వేసే జిగురు చివర. పురుగుమందు కలపలేదు. జింకు కలపలేదు. ‘ఎలాగూ కొడుతున్నాం కదా’ అని నాలుగు కలిపితే, ఆకు కాలితే ఎవరి తప్పో తేలదు. కలపక తప్పకపోతే ముందు లీటరు సీసాలో అదే నిష్పత్తిలో కలిపి పావుగంట చూడాలి. పెరుగులా విరిగినా, అడుగున పేరుకున్నా ట్యాంకులో వద్దు.

కూలీ ట్యాంకు లెక్కన కాక రోజు లెక్కన మాట్లాడాం. ఇది ఖర్చు పెంచింది, నిజమే. కానీ ట్యాంకు లెక్కనైతే పన్నెండున్నర ట్యాంకులు కొట్టమనడానికి నోరు రాదు, కొట్టినవాడికీ కాళ్లు రావు. ఎకరాకు నడకే రెండున్నర గంటలు, నింపుడు ఇంకో గంట. చేతికి తొడుగు, ముక్కుకు మాస్కు, పొడుగు చేతుల చొక్కా.

నడుమ ఆరు సాళ్లు, 20 మీటర్ల పొడవున, మందు కొట్టకుండా వదిలాం. నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టిన కర్రలు. వదలడానికి చెయ్యి రాదు, కానీ అది లేకపోతే చివరికి ఏం చెప్పినా ఊహే.

ఆగస్టు 26. 63 రోజులు

కొట్టి ఆరు రోజులు. చేలో కొత్త మచ్చలు! 50లో 7. ఫోన్లలో గోల, ‘మందు పని చేయలేదు’ అని.

పని చేసింది. ఈ మచ్చలు కొట్టకముందు లోపలికి చేరినవి, ఇప్పుడు బయటపడ్డాయి. తేల్చేది మచ్చల లెక్క కాదు, టేపు. కొత్త మచ్చల అడుగున టేపు అంటిస్తే ఏడింటిలో ఐదింటికి పొడి రాలేదు, బొడిపె ఎండి ముడుచుకుపోయింది. ఎర్రగుడ్డల లోపలి సాళ్లలో టేపు పూర్తిగా గోధుమ రంగు. ఇంకో గుర్తు: నడుమ ఆకుల్లో, అంటే కింది నుంచి ఐదో ఆరో కణుపు దగ్గర, మందు కొట్టిన చేలో మచ్చ లేదు. వదిలిన సాళ్లలో ఉంది. పైకి ఎక్కుతోందా లేదా అన్నదే అసలు ప్రశ్న.

వారం గడవకుండా రెండో మందు కొనడం, అదీ అదే మందు రెట్టింపు మోతాదులో కొనడం, చేతులారా చేసుకునే నష్టం.

సెప్టెంబరు 5. 73 రోజులు. రెండో పిచికారి

గింజ నిండుతోంది. 16 రోజులైంది. తడి గంటలు తగ్గలేదు, చేను పూర్తిగా కమ్ముకుంది. ఈసారి మందు మార్చాం: పైరాక్లోస్ట్రోబిన్, ఎపాక్సికొనజోల్ కలిసిన ద్రవ మందు, ఎకరాకు 300 మి.లీ., ట్యాంకుకు 24. నీళ్లు అవే 200 లీటర్లు. పల్లపు మూలలో మిగిలిన రైజోక్టోనియాకు కూడా ఇది పనికొస్తుంది. కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో లేబులు మీద ఉంటుంది. అది చూశాకే సీసా తెరిచాం.

మార్చడం ఎందుకో చెప్పుకోవాలి. బ్రెజిల్‌కు ఈ తుప్పు 2001లో చేరింది. అక్కడ కోట్ల ఎకరాల మీద అవే గుంపుల మందులు ఏడాదికేడాది కొట్టారు. ట్రయజోల్‌కు మొండికేసింది, స్ట్రోబిలూరిన్‌కు (పైరాక్లోస్ట్రోబిన్ గుంపు) మొండికేసింది, తర్వాత వచ్చిన కార్బాక్సమైడ్ గుంపుకూ మొండికేసింది. చివరికి పాత మాంకోజెబ్‌ను వెతుక్కుని మళ్లీ కలుపుకుంటున్నారు. దాంతోపాటు 2006 నుంచి అక్కడ ఏటా కొన్ని వారాలు చేలో ఒక్క పచ్చి సోయామొక్క కూడా ఉండకూడదనే కట్టడి మొదలుపెట్టారు. పచ్చి ఆకు లేకపోతే తుప్పుకు ఇల్లు లేదు కదా. మన దగ్గర కృష్ణా పరీవాహకంలో సాంగ్లీ, కొల్హాపూర్, బెళగావి వైపు తుప్పు ఏటా గట్టిగా రావడానికి వేసవిలో నీటి కింద వేసే సోయా కూడా ఒక కారణమే.

రకం మార్చడమూ ఒక దారి. ధార్వాడ్ నుంచి వచ్చిన డి.ఎస్.బి. 21, రాహురి వర్సిటీ వాళ్ల ఫులే అగ్రణి (కె.డి.ఎస్. 344), ఫులే సంగమ్ (కె.డి.ఎస్. 726) తుప్పును జె.ఎస్.335 కంటే బాగా తట్టుకుంటాయి. ఫులే సంగమ్ కాలం ఎక్కువ, తేలిక నేలల్లో చివరి వానలు ఎగ్గొడితే ఇబ్బంది. ఆ పట్టింపుతోనే ఎంచుకోవాలి.

సెప్టెంబరు 18. 86 రోజులు

ఎర్రగుడ్డల లోపలి ఆరు సాళ్లు ఆకు రాల్చేశాయి. బయటి చేను ఇంకా పచ్చగా, అక్కడక్కడా పసుపు. సోయా పండేటప్పుడు ఆకు రాల్చడం మామూలే, అందుకే ఈ వారం దాటితే ఎవరికీ తేడా కనిపించదు. ఫోటో తీసిపెట్టాం.

సెప్టెంబరు 30. 98 రోజులు. కోత

కాయ గోధుమ రంగు, గింజ కొరికితే పళ్ల కింద పటుక్కుమంది. పొద్దున మంచు ఉండగానే కోశాం, ఎండెక్కితే కాయ పగులుతుంది. వదిలిన ఆరు సాళ్లను విడిగా కట్టకట్టి, విడిగా నూర్చాం. నూర్పిడి యంత్రం వేగం నిమిషానికి 350 నుంచి 400 చుట్లు. పెంచితే పని తొందరగా అవుతుంది గానీ గింజ పొర చిట్లి వచ్చే ఏడు మొలక పోతుంది.

రెండు కుప్పలు పక్కపక్కన పోస్తే తూకం అక్కర్లేకుండానే తేడా తెలిసింది. వదిలిన సాళ్ల గింజ సన్నగా, కొంత ముడతపడి, అరచేతిలో తేలికగా ఉంది. ఇది ఒక చేను, ఒక కాలం మాట. దీన్నిబట్టి ఎకరాకు ఇన్ని క్వింటాళ్లు మిగిలాయని రాయడం లేదు.

అక్టోబరు 28

కోత తర్వాత పడిన వానకు కల్లం పక్కన రాలిన గింజలు మొలిచాయి. మూడు నాలుగు ఆకులేసి పచ్చగా ఉన్నాయి, చేలో కూడా సాలుకు అక్కడొకటి ఇక్కడొకటి. ఎవరూ పట్టించుకోరు, శనగ కోసం దున్నేటప్పుడు పోతాయిలే అని.

మూడు మొక్కలు పీకి ఆకు తిప్పి టేపు అంటించాం. రెండింటికి గోధుమ పొడి వచ్చింది. దున్నకం ఇంకో రెండు వారాలకు అనుకున్నది రేపటికి మార్చాం. కల్లం పక్కనవి పారతో చెక్కి పూడ్చేశాం. వాగుకు అవతల ఒకరు యాసంగి విత్తన సోయా వేయబోతున్నారు. ఆయనకు ఆ టేపు అంటించిన కాగితమే ఇచ్చి వచ్చాం, లెన్సుతో సహా.